నాలుగు వందల పన్నెండు గంటలు

గగన్‌పహాడ్ హైవే మీద ఉన్న షోరూం ముందుకు ఒక పాత ట్రాక్టరు, కొత్త ట్రాక్టరును గొలుసుతో లాక్కొచ్చి ఆగింది.

ఆ కొత్త బండి ఐదు నెలల కిందట ఇదే షోరూంలో పూలదండ వేయించుకుని వెళ్లింది.

యజమాని భాస్కరరావు రెండు మాస్కులు సరిచేసుకుంటూ బయటికొచ్చాడు. కరోనా రెండో వేవ్ తగ్గుముఖం పట్టిందని పేపర్లు రాస్తున్నా ఆయన భయం మాత్రం తగ్గలేదు. మే నెలంతా షట్టరు దించేసి, ఫోను కూడా ఎత్తకుండా ఇంట్లో కూర్చున్న మనిషి.

"అక్కడే ఆగు. గీత దాటొద్దు," అన్నాడు.

బండి దిగిన కుర్మయ్య గీత అవతలే ఆగాడు. రావిర్యాల అవతల ఊరు, ఐదెకరాల రైతు. ఇంజను పట్టేసిందని, మృగశిర కార్తె పోకముందే దున్నకపోతే ఈ ఏడు పత్తి లేనట్టేనని, వారంటీ కింద కాస్త తొందరగా బాగుచేసి ఇమ్మని అడిగాడు.

భాస్కరరావు వంగి మీటరు చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

ట్రాక్టరు వాడకాన్ని ఇంజను నడిచిన గంటల్లో లెక్కపెడతారు. ఐదెకరాల రైతుకు ఐదు నెలల్లో నూట యాభై గంటలు నడిస్తే గొప్ప. ఇక్కడ మీటరు నాలుగు వందల పన్నెండు చూపిస్తోంది.

"రెండు వందల యాభై గంటలకు ఆయిలు మార్చాలని చెప్పామా, లేదా?"

"చెప్పిన్రు సారు. ఫోన్ చేసిన. ఎవ్వరు ఎత్తలే."

భాస్కరరావుకు ఒళ్లు మండింది. తప్పు తన మీదికే తోస్తున్నాడే!

"ఎత్తకపోతే ఇంజను ఆపి కూర్చోవాలి."

"ఆపేటట్టు లేకుండె సారు."

ఆపేటట్టు లేదట. ప్లాట్ల వెంచర్లకు మట్టి తోలే కిరాయి అంత ముంచుకొచ్చిందన్నమాట.

భాస్కరరావు చూపు టైర్ల మీద పడింది. నిన్న బిగించినట్టున్నాయి. అన్ని గంటలు మట్టి తోలిన టైర్లు ఇలా ఉంటాయా? అరిగినవి పీకేసి కొత్తవి వేయించి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడ్డాడు.

"సోమయ్య ఇంక పనిలకు రాలేదా సారు?" కుర్మయ్య లోపలికి తొంగి చూశాడు.

సోమయ్య ఈ షోరూం హెడ్ మెకానిక్. పదిహేనేళ్ల పనివాడు. మే మొదట్లో దగ్గుతుంటే, ఎక్కడికైనా పో గానీ ఇటు మాత్రం రావద్దని భాస్కరరావే గేటు దాటించాడు. ఆ తర్వాత ఉన్నాడో పోయాడో కనుక్కోలేదు. ఇప్పుడు ఆ పేరు వినగానే, మెకానిక్‌ను మచ్చిక చేసుకుని పని కానిచ్చుకునే రకం అనుకున్నాడు.

"ఊళ్లకు ఊళ్లు కరోనాతో చస్తుంటే నువ్వు రాత్రింబవళ్లు కిరాయిలు తిప్పుకున్నావు. టైర్లు మార్చి నన్ను ముంచుదామని వచ్చావు. దీన్ని దొంగతనం అనక ఏమంటారు?"

కుర్మయ్య ముఖానికి చుట్టుకున్న తువ్వాలు బిగించుకున్నాడు.

"దొంగ అన్నంక ఇగ చెప్పేదేముంది సారు," అని గొలుసు మళ్లీ తగిలించాడు.

భాస్కరరావు కోపం అంతటితో చల్లారలేదు. వారం తిరక్కుండానే ఆరాంఘర్ నుంచి పాత బండ్ల బేరగాడు ఫోన్ చేశాడు. షోరూం ఫోను ఇప్పుడు మొదటి రింగుకే ఎత్తుతున్నారు మరి. కుర్మయ్య అమ్మజూపిన ఆ ట్రాక్టరు ఎలాంటిదని అడిగితే, మోసపు బండి, పాత ఇనుము ధరకైతే తీసుకో అని భాస్కరరావు చెప్పాడు. బేరగాడు సరిగ్గా ఆ ధరకే తీసుకున్నాడు.

మృగశిర వెళ్లిపోయింది. పొలం బీడు పెట్టి కుర్మయ్య విమానాశ్రయం పార్కింగులో కాపలాకు కుదిరాడని ఆ బేరగాడే చెప్పాడు. తగిన శాస్తి జరిగిందని భాస్కరరావు ఆ పూట హాయిగా భోంచేశాడు.

మర్నాడు సోమయ్య వచ్చాడు.

పట్నం దవాఖాన నుంచి నేరుగా వచ్చాడు. చెంపలు పీక్కుపోయాయి. నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు.

భాస్కరరావు దూరంగా కుర్చీ వేయించాడు. ఎలా ఉన్నావని ఒక్క మాట అడిగేసి, నువ్వు లేనప్పుడు ఎలాంటి దొంగ వచ్చాడో విను అంటూ కుర్మయ్య సంగతంతా చెప్పాడు. మీటరు అంకెతో సహా చెప్పాడు.

సోమయ్య తల అడ్డంగా ఊపాడు.

"టైర్లు ఆయన మార్చలే సారు. బండి కదిలితే గద అరిగేది."

"కదలకుండా అన్ని గంటలు ఎలా నడుస్తుంది?"

"ఊరి బడి ముంగట నిలబెట్టి, ఎనక డైనమో కట్టి రాత్రి పగలు నడిపిండు. మీరు పొమ్మన్నంక మా అక్క ఊరికి పోయిన. గా ఊరోడే కుర్మయ్య. పట్నం దవాఖానకు తోలకముందు నన్ను బడిల కరోనా వార్డులనే పండబెట్టిన్రు. గాలిదుమారానికి స్తంభాలు కూలి పదకొండు దినాలు కరెంటు లేదు. నా ఆక్సిజన్ మిషన్ గా డైనమో మీదనే నడిచింది."

భాస్కరరావు చెయ్యి మాస్కు మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"మెకానిక్‌ను గద సారు, పండుకున్నకాడికే చప్పుడు తెలిసింది. ఆయిల్ మాడిపోయింది, జరసేపు ఆపు కుర్మయ్యా అని చేతులు జోడించిన." సోమయ్య కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఇంజన్ ఖరాబైతే మీ షోరూమోళ్లు బాగుచేసిస్తరు, నీ పాణం పోతే ఎవరు చేసిస్తరు అన్నడు సారు."