రికాబు ముడి

బీరన్న కాలికి కట్టిన పసుపు గుడ్డను గడ్డి కోసే ముసలాయన కొడవలితో కోసేశాడు.

డప్పులు ఆగిపోయాయి.

తిరుమలగిరి పక్క ఊళ్లో జాతర గుర్రప్పందెం అది. పోలీసు యాక్షన్ అయి పదేళ్లు దాటినా ఆ ఊరి పద్ధతి మారలేదు. గుర్రమెక్కిన రౌతు కాలిని, అది ఆనే ఇనుప రికాబుకు గుడ్డతో కట్టాల్సిందే. కట్టేది తల్లి. కడుతూ "గాలయ్య లెక్క పోయి రా" అనాలి.

ముప్పై ఏళ్ల కింద గాలయ్య అనే రౌతు అలా కాలు కట్టుకునే ఏడేళ్లు వరసగా గెలిచాడు. ఎనిమిదో ఏడు ఎటో వెళ్లిపోయాడు. చచ్చిపోయాడన్నారు. ఆయన పేరున పందెం మొదలయ్యే చోట ఓ రాయి పాతారు.

ఆ రాయి పక్కనే బీరన్న తల్లి బక్కమ్మ కొయ్యబారి నిలబడింది. ఆమెకున్నది ఒక్కడే కొడుకు. ఆమె కట్టిన కట్టే ఇప్పుడు రెండు ముక్కలై వేలాడుతోంది.

గుర్రం గల ఆసామి రఘుపతి పటేల్ ముసలాయన రెక్క పట్టి లాగాడు.

"కట్టొద్దు పటేలా," అన్నాడు ముసలాయన. "గుర్రం పడితె వీడు దాని ఎంబడే పోతడు. రౌతన్నోడు ఇడిపించుకొని పడాలె."

"పడుడు గురించి జెప్పెటోణ్ని పందెం కాడికి ఎవడు రానిచ్చిండు?" అన్నాడు పటేల్.

జనం నవ్వారు.

ఆ నవ్వు పాతదే. నెల కింద ఈ ముసలాయన ఆలేరులో రైలు దిగి, కుంటుకుంటూ వచ్చి, పటేల్ కొట్టంలో గడ్డి పనికి కుదిరాడు. పేరడిగితే "కుంటోడు అంటనే ఉన్నరు గద, అదే అనుండ్రి" అన్నాడు.

బీరన్న గుర్రమెక్కడం నాలుగు రోజులు చూశాడు. ఐదో రోజు నోరు విప్పాడు.

రికాబులు తీసేసి ఎక్కమన్నాడు. గోడ మీద కూర్చోబెట్టి, మోకాళ్ల నడుమ ఇసుక సంచి పెట్టి, జారనివ్వకుండా పట్టమన్నాడు. తొడలు వణికాక దించనిచ్చాడు. ఉరికించే ముందు గుర్రాన్ని కాసేపు నడిపించమన్నాడు. రికాబులో వేళ్ల మొదలు దాకే కాలు పెట్టాలి, మడమ దాకా దూర్చొద్దన్నాడు. ఆఖరికి గడ్డివాము మీది నుంచి దూకించి, చెయ్యి ఆనించకుండా భుజం మీద దొర్లడం నేర్పాడు.

కుంటోడు బీరన్నకు పడుడు నేర్పుతాండని ఊరంతా పాకింది. వారం తిరక్కుండానే బీరన్న మానేశాడు.

మానేసిన నాడు అడిగాడు. "గాలయ్య ఎన్నడన్న పడ్డడా తాతా?"

"పడ్డడు."

"నువ్వు జూసినవా?"

ముసలాయన గడ్డి కట్ట విప్పి గుర్రం ముందు వేశాడు.

ఇప్పుడు జాతర జనం ముందు, గుర్రం మీది నుంచే బీరన్న అన్నాడు. "ఊళ్లె నవ్వులపాలు జేసినవు, చాలదా? గుర్రమెక్కలేని కుంటోనివి. పో తాతా, నా కండ్లకు కనబడకు."

ముసలాయన బక్కమ్మ వైపు తిరిగాడు. "కట్టకుంటె నడవదంటె ఒక్క ముడే ఎయ్యి తల్లీ. గుంజితె ఊడెటట్టు."

బక్కమ్మ తన చీర అంచు చింపింది. మూడు ముళ్లు వేసింది. పళ్లతో పట్టి బిగించింది.

ముసలాయన అది చూసి కొడవలి తీసుకున్నాడు. వాగు మలుపు వైపు కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

పందెంలో వాగు దాకా బీరన్నదే ముందు.

మలుపులో గుర్రం ముంగాళ్లు ఇసుకలో దిగబడ్డాయి. బీరన్న ఎగిరి పక్కకు పడ్డాడు. గుర్రం లేచింది. బీరన్న లేవలేదు. కాలు రికాబులోనే ఉంది, తల రాళ్ల మీద ఉంది. బెదిరిన గుర్రం అతణ్ని ఈడ్చుకుంటూ పరుగెత్తింది.

మలుపు దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఎదురొచ్చి కళ్లెం అందుకున్నాడు. పది బారల దూరం తానూ ఈడ్చుకుపోతూనే కొడవలి వేశాడు. చీర అంచు తెగింది. గుర్రం కాలు విసిరింది. డెక్క ముసలాయన రొమ్ము మీద తగిలింది.

జనం ఉరికొచ్చేసరికి ఆయన బీరన్న దగ్గరికి పాకుతున్నాడు.

"లేవకు కొడుకా. ముందు కాలి వేళ్లు కదిలియ్యి."

బీరన్న కదిలించాడు.

"మెడ?"

"కదులుతాంది తాతా."

"ఇగ ఫికర్ లేదు," అన్నాడు ముసలాయన.

ఆయన తల ఇసుక మీద వాలిపోయింది.

పొద్దు గూకేలోపు ఆయన శవాన్ని పటేల్ కొట్టం ముందు పడుకోబెట్టారు. నా వాడు అనేవాళ్లు ఎవరూ లేరు. బక్కమ్మే నీళ్లు కాచి పోసింది. ధోవతి కింద కుడికాలు ఎండుకట్టెలా ఉంది. చీలమండ చుట్టూ కడియంలా పాత మచ్చ.

బీరన్న పక్కన వేసిన మంచం మీది నుంచి ఆ మచ్చనే చూస్తున్నాడు. ముడి ఒరుసుకొని అతని కాలికీ అక్కడే తోలు లేచింది.

ఆలేరు నుంచి ఏటా జాతరకు వచ్చే జానయ్య కట్టె పొడుచుకుంటూ వచ్చాడు. ఆ చుట్టుపక్కల గుర్రాలకు యాభై ఏళ్లు లాడాలు కొట్టిన మనిషి. చనిపోయిన పరదేశిని చూద్దామని వంగాడు. వంగినవాడు అలాగే కూలబడ్డాడు.

మచ్చ చుట్టూ వేలు తిప్పాడు.

"వాగుల పడ్డనాడు గీ కాలు సచ్చుబడి రికాబుల ఆగకపాయె, ఎవ్వలకు జెప్పద్దని ఒట్టు వెట్టి నాతోని గుడ్డ గట్టిచ్చుకుంటివి గద, గాలయ్యా."