దొంగ గుండీలు

లింఫోమా క్యాన్సర్‌కి కీమో ముగిసి ఏడాదైనా నా వేళ్ల తిమ్మిరి వదల్లేదు. ముప్పయ్యేళ్లుగా ఊరందరి చొక్కాలు కుట్టిన దర్జీని. ఇప్పుడు నా చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టాలి. సూది గుచ్చుకున్నా తెలిసేది కాదు. బట్ట మీద నెత్తురు చుక్క కనబడితే, "ఓహో, మనదే" అనుకునేవాణ్ని.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఒకటే పరీక్ష: "గుండీలు మీరే విప్పండి." పోయినసారి నేను రెండో గుండీతో కుస్తీ పడుతుంటే, ఆవిడ టీ తాగడం అయిపోయి కప్పు కూడా కడుక్కున్నారు. దర్జీ పరువు ఆ గదిలోనే పోయింది.

అందుకే ఈసారి నాలుగు రోజులు కూర్చుని ఒక దొంగ చొక్కా కుట్టాను. పైకి కనబడేవి ఉత్తుత్తి గుండీలు. వాటి వెనక, లాగితే ఊడిపోయే టిచ్ బటన్లు.

"విప్పండి" అన్నారు. టపటపా విప్పేశాను. నా మొహంలో గర్వం చూడాలి!

డాక్టరమ్మ చొక్కా అంచు తిరగేసి చూసి నవ్వారు. "ఎవరు కుట్టారివి?"

దొరికిపోయాను. "నేనేనమ్మా. ఆ సూది దుంప తెగ, మూడుసార్లు గుచ్చుకుంది. ప్రాణం పోయిందనుకోండి."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "గుచ్చుకున్నట్టు ఎలా తెలిసింది? నెత్తురు చూసి తెలిసిందా?"

"నెత్తురు దాకా ఎందుకమ్మా, నొప్పి పుట్టి..."

నా వేళ్ల వంక చూసుకున్నాను.

వెర్రిమొహాన్ని, నాలుగు రోజులూ ఆ సూదిని తిట్టుకుంటూ కూర్చున్నాను.