మల్‌సూన్ రెక్సిన్ సోఫా

"నేను లేవను. కావాలంటే నాతో సహా ఎత్తుకుపోండి!"

సోఫా నడిమధ్యలో మఠం వేసుకుని కూర్చుంది మల్‌సూన్. దక్షిణ కొరియాలోని చాంగ్‌వన్ నగరంలో ఎనిమిదో అంతస్తు ఇల్లు అది. బాల్కనీ కిటికీ తలుపులు అప్పటికే ఊడదీసి పక్కన పెట్టారు. సామాన్లు ఎక్కించే నిచ్చెన బండి కింద నుంచి బాల్కనీ దాకా చేయి చాచుకుని నిలబడింది. పాత సోఫా దిగాలి, కొత్తది ఎక్కాలి. చేతులకు తొడుగులు వేసుకున్న ఇద్దరు పనివాళ్లు తల్లీకూతుళ్ల వంక మార్చి మార్చి చూస్తున్నారు.

"అమ్మా, పరువు తీయకు, లే," అంది కూతురు హేరన్. "పెద్ద సామాను పారేయడానికి స్టిక్కరు కావాలంటే మున్సిపాలిటీ ఆఫీసు దాకా వెళ్లి, డబ్బు కట్టి తెచ్చి మరీ అతికించాను."

"నన్నడిగే అతికించావా? పోయి నీ మొగుడి నుదుటి మీద అతికించు."

కుర్ర పనివాడికి నవ్వొచ్చి దగ్గుతో కప్పిపుచ్చుకున్నాడు. మల్‌సూన్ ఉత్త చేతులతో యుద్ధానికి రాలేదు. పక్కనే గోరువెచ్చని నీళ్ల గిన్నె, రెండు మెత్తటి గుడ్డలు, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు సిద్ధంగా పెట్టుకుంది. డ్రయ్యరుని దూరంగా పట్టుకుని, సోఫా చేతి మీది స్టిక్కరుకి సన్నగా వేడి తగిలించడం మొదలుపెట్టింది.

"పద్నాలుగేళ్ల సోఫా అమ్మా ఇది! పోనీ అసలు తోలా అంటే అదీ కాదు, రెక్సిన్. అందరిళ్లలో మూడేళ్లకే పొట్టు లేచిపోతుంది."

"అందరి సంగతీ నాకెందుకు? నా సోఫాకి ఎక్కడ లేచిందో చూపించు. చూపించావా, నేనే దింపించేస్తా."

హేరన్ పంతానికి వంగి వెతికింది. వీపు వైపు చూసింది, మూలలు చూసింది, కుట్ల సందుల్లో గోరు పెట్టి చూసింది. ఒక్క పొట్టు లేవలేదు. ఎలా లేస్తుంది? వారం వారం గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి, గుడ్డని చుక్క కారకుండా పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డ పెట్టి అద్దే మనిషి మల్‌సూన్. మధ్యాహ్నం ఎండ పడకుండా పరదా సగం లాగుతుంది. చలికాలం ఇల్లు వెచ్చబరిచే నేల కింది గొట్టాల వేడికి అడుగు పగలకుండా నాలుగు కాళ్ల కిందా చెక్కముక్కలు పెట్టింది. కన్నబిడ్డకి కూడా ఇంత చాకిరీ చేయలేదని హేరన్‌కి ఎప్పటినుంచో అక్కసు.

"ఇదిగో! ఇక్కడ తెల్లమచ్చ!" అని అరిచింది హేరన్.

"అది నీ నిర్వాకమే. కిమ్చీ పచ్చడి చుక్క పడిందని శానిటైజరు పోసి రుద్దింది ఎవరు? దీనికున్న ఒక్క మచ్చా నీ చలవే."

పెద్ద పనివాడు ముందుకొచ్చి, మల్‌సూన్ పక్కన ఖాళీగా ఉన్న చోట అరచేత్తో నొక్కి చూశాడు. "మామ్మగారూ, ఇరవై ఏళ్లుగా సోఫాలు మోస్తున్నాను. కూర్చునే చోట గుంట పడని పాత సోఫాని ఇప్పుడే చూడటం. కొత్తదానిలా ఉంది. ఈ ముందు అంచు దగ్గరే కాస్త రంగు వెలిసింది, అంతే."

"విన్నావా? అదీ చూసుకోవడమంటే," అంది మల్‌సూన్ గడ్డం ఎగరేసి.

హేరన్ గొంతు తగ్గించింది. "నీ నడుం కోసమేగా అమ్మా నా గోలంతా. కొత్తది అసలు తోలు. బటను నొక్కితే కాళ్ల కింద పలక దానంతటదే ముందుకి లేస్తుంది."

"ముందుకి లేస్తుందా? అయితే అసలే వద్దు. పద్నాలుగేళ్లుగా దీనికీ నా వీపుకీ ఒద్దిక కుదిరింది. దాన్ని చెడగొట్టకు."

మాట గట్టిగానే అంది గానీ మల్‌సూన్‌కి లోపల భయంగా ఉంది. ఇవాళ సోఫా అంటారు. రేపు పచ్చళ్ల జాడీలంటారు. ఆ తర్వాత ఈ ఇంట్లో తను ఏ మూల ఉండాలో కూడా వాళ్లే చెబుతారు. అందుకే ఇవాళే తేలిపోవాలి అనుకుంది.

స్టిక్కరు అంచు లేచింది. గోరు తగలనివ్వకుండా మెల్లగా లాగింది. చిరగకుండా మొత్తం వచ్చేసింది. దాన్ని కూతురి భుజానికి వేలాడుతున్న బ్యాగుకి టపీమని అంటించింది.

"ఇది అసలు తోలేగా? పారేసుకో."

ఈసారి కుర్రవాడు నవ్వు ఆపుకోలేదు. హేరన్ కూడా ఎంతసేపని బిగదీసుకుంటుంది? "కొత్తది మా ఇంట్లో దింపండి. ఈవిడతో నేను వేగలేను," అని చేతులెత్తేసింది. వాళ్లు కిటికీ తలుపులు బిగించి, నిచ్చెన ముడుచుకుని వెళ్లిపోయారు.

మల్‌సూన్ నడుం పట్టుకుని, మూలుగుతూ సోఫా దిగింది. స్టిక్కరు జిగురు మీద నూనె చుక్క వేసి తీసి, సబ్బుగుడ్డతో తుడిచింది. తను కూర్చున్న చోటు కూడా తుడిచి, పొడిగుడ్డతో అద్దింది. తర్వాత నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, వెనక సోఫా అంచుకి వీపు ఆనించి, హమ్మయ్య అంది. హేరన్ బేరిపండు కోసి తెచ్చి, ఎప్పటిలాగే తల్లి పక్కన నేల మీదే చతికిలబడి, తనూ సోఫాకి ఆనుకుంది.

"అబ్బ, నడుం పట్టేసిందే," అంది మల్‌సూన్.

"పట్టదూ మరి! ఏళ్ల తరబడి ఆ సోఫా మీద కూర్చుంటే?"

"ఏళ్ల తరబడి ఎవరు కూర్చున్నారే?" అంది మల్‌సూన్ పండు ముక్క నోట్లో వేసుకుంటూ. "ఇవాళేగా నేను దాన్నెక్కడం."