నదికి మోకాళ్ల నొప్పులు

ఏడో ప్రశ్న దగ్గర ఇంద్రమ్మ పెన్ను ఆగింది.

'కొండల్లో పుట్టిన నది లోయ గుండా సాగే తీరును వివరించండి. అయిదు మార్కులు.'

నారాయణఖేడ్‌లో పదో తరగతి పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు ఈ సాంఘికశాస్త్రమే ముంచింది. ఈసారీ పోతే తప్పంతా తనదే అంటారు ఇంటివాళ్లు.

భర్త పోయాక, యాభై దాటాక అక్షరాలు దిద్దిన మనిషి ఇంద్రమ్మ. ఒక్కో అక్షరం జొన్నరొట్టెంత ఉంటుంది. పేజీకి ఎనిమిది లైన్లు పడితే గొప్ప.

పక్కనే కూర్చున్న అల్లుడు మహేందర్ మెల్లగా అందించాడు.

"అత్తా, కొండల్ల నది మస్తు జోరుగ ఉరుకుతది. లోయను లోతుగ కోస్తది. రాయి."

కొంగు నెత్తి మీదికి లాక్కుని రాసింది.

"కిందికొచ్చినంక నిమ్మళమైతది. వంకర్లు తిరుగుతది. మోసుకొచ్చిన మట్టంతా దార్ల వదిలేస్తది."

ఇంద్రమ్మ కొండ నదిని ఎన్నడూ చూడలేదు. ఆమెకు తెలిసింది మంజీర ఒక్కటే. అయినా ఈ నదితో పాత పరిచయమే ఉన్నట్టు తోచింది. కాపురానికొచ్చిన కొత్తలో తనూ ఇట్లాగే ఉరికేది. అడ్డొచ్చిన బిందెలన్నిటికీ సొట్టలు పెట్టేది. ఇప్పుడు పొయ్యి దగ్గరి నుంచి వాకిట్లోకి రావడానికి మూడు వంకర్లు. తీరా వచ్చాక, ఎందుకొచ్చిందో ఆ సంగతి దారిలోనే వదిలేసి ఉంటుంది.

పెన్ను దానంతటదే కదిలింది. 'ముసలిదైన నదికి మోకాళ్ల నొప్పులు ఉంటాయి.'

మహేందర్ తొంగి చూశాడు. "గదేంది అత్తా? నేను చెప్పలే గది."

"నిజమే కద, అల్లుడా."

"నిజానికి మార్కులెయ్యరు."

కాపలా సార్ వచ్చి నిలబడ్డాడు. పేపరులోకి వంగి చూశాడు. దొరికిపోయాననుకుంది ఇంద్రమ్మ.

"ఏందమ్మా, నీ సొంత తెలివి ఎవలడిగిన్రు? గాయన ఏం చెప్తే గదే రాయి. ఇంకోపారి సొంతంగ రాస్తే లేపి బయటికి తోల్త."

ఇంద్రమ్మ బుద్ధిగా నది మోకాళ్లను కొట్టేసింది.

బండి మీంచి పడి కుడిచెయ్యి విరిగిన మహేందర్ పరీక్షను అతను చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టడానికి అతనికంటే తక్కువ చదివిన మనిషే కావాలని రూలు పెడితే, వాళ్ల ఊరు బోరంచంతా వెతికినా అత్త తప్ప ఇంకెవరూ దొరకలేదు.