నలభై ఒకటో పేజీ

"ఇక్కడ తెల్లవాళ్ళు మాత్రమే కూర్చోవాలమ్మా," అంది డాటీ.

గుమ్మంలో నిలబడ్డ నల్లజాతి పెద్దావిడ నవ్వింది. డెబ్బై దాటిన మనిషి. చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ, చేతిలో కేకు డబ్బా.

"ఈ మాట విని చాలా ఏళ్ళయింది తల్లీ."

"అయ్యో, ఆ అర్థంలో కాదు!"

అలబామాలో ఆ చిన్న ఊరి లైబ్రరీలో, గురువారం గురువారం ఆరుగురు ఆడవాళ్ళు చేరతారు. వర్ణవివక్ష అంటే ఏమిటో, తెల్లతోలుతో పుట్టినందుకే తమకు ఏమేం కలిసొచ్చాయో ఓనమాల నుంచి చెప్పే పుస్తకం చదువుకుంటారు.

"మీరుంటే మిమ్మల్ని అదీ ఇదీ అడిగి విసిగిస్తాం. మీకు ఆ శ్రమ ఉండకూడదనే ఈ నియమం," అంది డాటీ.

"శ్రమేముంది? ఓ మూల కూర్చుంటా. నోరు మెదపను."

గేల్ పుస్తకంలోంచి తలెత్తింది. "మేం చదివేది మీ మంచికోసమేనమ్మా!"

"నా మంచికే అయితే నన్నెందుకు పొమ్మంటున్నావు?"

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. గేల్ మొహం కందగడ్డయింది.

"చూశారా? ఎంత చేసినా నిష్ఠూరమే! తలుపెయ్యి డాటీ, ఏసీ చల్లదనమంతా బయటికి పోతోంది."

"ఒక్క గంటమ్మా. ఈ గదిలో ఒక్కసారి కూర్చోవాలని..."

"చెప్తుంటే అర్థం కాదా మీకు?" అంది గేల్.

పెద్దావిడ కేకు డబ్బా గుమ్మం పక్క బల్లమీద పెట్టింది. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. చదువు సాగింది.

నలభై ఒకటో పేజీలో ఓ ఫోటో. 1961 నాటిది. ఇదే లైబ్రరీ, ఇవే మెట్లు. ఇస్త్రీ గౌను వేసుకున్న నల్లపిల్ల గుమ్మం ముందు నిలబడి ఉంది. లోపలి నుంచి ఓ తెల్లావిడ తలుపు మూస్తోంది. కింద 'బాలిక పేరు తెలియదు' అని అచ్చేశారు.

గేల్ కళ్ళు ఒత్తుకుంది. "ఆ రోజు నేనే గనక ఉంటే, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేదాన్ని."

"నేనూ అంతే," అంది డాటీ.

అందరూ అంతేనన్నారు. అందరూ కాసేపు ఏడ్చారు.

ఏడుపయ్యాక ఆకలి ఎవరికైనా వేస్తుంది. డాటీ వెళ్ళి డబ్బా మూత తీసింది. వెన్నకేకు, ఇంకా గోరువెచ్చగానే ఉంది. మూత లోపల ఓ చీటీ అంటించి ఉంది.

డాటీ పైకి చదవబోయి ఆగిపోయింది. గేల్ లాక్కుని చూసింది.

"నలభై ఒకటో పేజీలో పిల్ల పేరు తెలియదని వేశారట, వెర్లీన్ టేట్ అని రాసుకోండమ్మా, ఆ పిల్లను నేనే, ఆ మెట్లు మళ్ళీ ఎక్కడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది."