దయచేసి లైన్లో ఉండండి

"ఈమధ్య విన్నవాటిలో మీకు బాగా నచ్చిన పాటలు రెండు, ఒకటి పాతది, ఒకటి కొత్తది, శుక్రవారంలోగా తెలియజేయగలరు."

నోటీసు బోర్డు మీద ఈ కాగితం చూసి సెక్షనంతా ముక్కున వేలేసుకుంది. ఫలానా రోజు సెలవు రద్దు అన్న కబురు తప్ప ఆ బోర్డు మీద ఇంకొకటి చూసిన పాపాన పోలేదు ఎవరూ.

అది వాషింగ్ మెషీన్లు తయారుచేసే కంపెనీలో ఫిర్యాదుల విభాగం. మెషీన్ తిరగడం లేదనో, తిరిగింది ఆగడం లేదనో జనం ఫోన్ చేస్తారు. 'దయచేసి లైన్లో ఉండండి' అంటుంది ఒక రికార్డు చేసిన గొంతు. సెక్షన్లో ఎవరో ఒకరు ఖాళీ అయ్యేదాకా, అందరూ ఖాళీగా ఉన్నా కనీసం రెండు నిమిషాలు, పాట వస్తుంది. ఇప్పుడు ఆ పాట మార్చాలట. కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది. ఎవరి పాట కంపెనీకి మంచి ఫలితం ఇస్తే వాళ్లకే సెక్షన్ ఇన్‌ఛార్జి పదవి.

అది చదవగానే అందరూ రేడియో వైపు చూశారు.

రేడియో అంటే మనిషే. పాటంటే చెవి కోసుకుంటుంది కనుక ఆ పేరు పెట్టారు. తొమ్మిదేళ్లుగా అవే చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఊళ్లోవాళ్ల తిట్లన్నీ తింటోంది. ఇన్‌ఛార్జికి హెడ్‌సెట్ ఉండదు. తలుపున్న గది, కిటికీ పక్కన కుర్చీ ఉంటాయి. ఆ కిటికీకి ఏ రంగు కర్టెన్ వెయ్యాలో రేడియో మూడేళ్ల క్రితమే నిర్ణయించుకుంది.

ఇంటికెళ్లగానే అత్తగారిని కూర్చోబెట్టింది. వాళ్లిద్దరికీ కూర దగ్గరా కుళాయి దగ్గరా పడదు గాని, పాట దగ్గర మాత్రం ఒకటే మాట.

"ఆ పడవ పాట ఇవ్వవే. మొన్న వింటూ నువ్వూ నేనూ కళ్లు తుడుచుకోలేదూ, అది" అంది అత్తగారు.

"మరీ పాతది కదత్తయ్యా. ఇప్పటివాళ్లు వింటారంటావా?"

"వినకపోతే వాళ్ల మెషీన్ బాగుచెయ్యకండి."

మర్నాడు ఆఫీసులో పక్క సీటతను మాత్రం బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. మాట వేగాన్ని బట్టి అతన్ని అందరూ డబడబ అంటారు.

"నేను ఈమధ్య విన్నది ఒక్కటే పాటక్కా. కొత్తదే. అలారానికి పెట్టుకున్నా. అది మొదలైతే చాలు, మంచం మీంచి ఒక్క దూకు దూకి ఆపేస్తా. పల్లవి తర్వాత ఏముందో నాకూ తెలీదు."

"అదే రాసిచ్చావా?"

"ఇంకోటి తెలిస్తే కదా!"

రేడియో ఒకసారి విని చూసింది. గిన్నెల బీరువా మెట్ల మీంచి దొర్లినట్టుంది. పాపం అనుకుంది.

మేనేజరు పాతవాటిలో రేడియో ఇచ్చిన పడవ పాట ఎంచాడు. కొత్తవాటిలో, ఏమనుకున్నాడో ఏమో, డబడబ అలారం ఎంచాడు. చెరో వారం వేసి చూస్తామన్నాడు.

మొదటి వారం పడవ పాట. లైన్లన్నీ కిటకిటలాడాయి. ఒక పెద్దాయన అయితే ఫోన్ కలవగానే విసుక్కున్నాడు.

"అప్పుడే ఎత్తేశారేంటమ్మా? రెండో చరణం సగంలో ఉంది. మళ్లీ పెట్టండి."

ఇంకొకావిడ ఫిర్యాదంతా చెప్పేసి, "ఇంకేమైనా పాడైందేమో చూసొస్తా, అందాకా లైన్లో ఉంచండి" అంది. అత్తగారు రోజుకు రెండుసార్లు ఫోన్ చేసింది. వాళ్లింట్లో ఉన్నది వేరే కంపెనీ మెషీన్.

ఎంతమంది ఎదురుచూస్తున్నారో చూపే తెర ముందు మేనేజరు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు. రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు.

"ఒక్కరంటే ఒక్కరు ఫోన్ పెట్టట్లేదమ్మా!"

"ఒక్కరూ పెట్టట్లేదు సార్!" అంది రేడియో. ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఆ వారం ఎవరికీ టీ తాగే తీరిక కూడా దొరకలేదు. ఆమెకు ఆ సంగతే గుర్తులేదు.

రెండో వారం డబడబ పాట. సెక్షన్ మూగబోయింది. ఒకరు గోళ్లు కత్తిరించుకున్నారు. ఒకావిడ సగం స్వెట్టరు అల్లేసింది. మేనేజరు ఒకసారి వచ్చి, తెర మీద సున్నా చూసి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అంత కోపం వచ్చిందన్నమాట అనుకుంది రేడియో.

"నా పరువు పోయిందక్కా" అన్నాడు డబడబ.

"పోనీలే తమ్ముడూ. ఈసారి నన్నడుగు, మంచి పాట చెబుతాను." ఇన్‌ఛార్జి అయ్యాక ఇతన్ని ఒక్క మాట కూడా అనకూడదనుకుంది. నిజంగానే అనుకుంది.

సోమవారం మేనేజరు అందరినీ పిలిచాడు. రేడియో ముందు వరసలో కూర్చుంది. కర్టెన్ గుడ్డ ఆదివారమే కొనేసింది. అది ఒళ్లో సంచిలో ఉంది.

మేనేజరు నవ్వుతూ వచ్చి, ఆమెను దాటుకుని వెళ్లి, ఆర్డరు కాగితం డబడబ చేతిలో పెట్టాడు. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. డబడబ కాగితం చదివాడు. దాన్ని అలాగే రేడియోకి అందించాడు.

సంచిని ఒళ్లోంచి కింద పెట్టి ఆమె పైకి చదివింది: "పాట మొదలైన పదకొండు సెకన్లలోనే నూటికి నూరుమంది చేత ఫోన్ పెట్టించి, మన కంపెనీకి ఫిర్యాదులన్నవే లేకుండా చేసినందుకు."