రొట్టె కిటుకు

"చదవవే. నిరుడే బంగారం గుప్పెళ్లతో తోడుతున్నానన్నాడు నా కొడుకు. ఇప్పుడెంతో విందాం," అంది అత్తగారు చిక్కుడు గింజలు ఒలుస్తూ.

కెజాయా పిండి చేతులు తుడుచుకుని, కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఉత్తరం విప్పింది.

"బంగారం ఊసే లేదత్తయ్యా. రొట్టె పొంగాలంటే ఏం చేయాలో రాయమంటున్నారు."

"మగాడికి ఆ ఖర్మేమిటి?"

"గనుల దగ్గర రొట్టెలు కాల్చి అమ్ముకుంటున్నారట. ఒక్కోదానికి చిటికెడు బంగారం ఇస్తారట. ఇక్కడున్నన్నాళ్లూ నా రొట్టెకి వంక పెట్టని పూట లేదు. వంటింట్లో నువ్వు పొడిచేదేముంది అనేవారు."

"పాత సంగతులెందుకు? ముందు ఆ కిటుకేదో రాసి పంపు."

"రాస్తే వచ్చే పని కాదు."

కెజాయా పులిసిన పిండి జాడీని గుడ్డలో చుట్టింది. మంచం కింద పెట్టె లాగి, అందులో సర్దింది.

"బోస్టన్‌లో ఓడ ఎక్కుతున్నాను. ఇకమీదట ఆ చిటికెడు నా చేతిలో పడుతుంది. ఆయన కట్టెలు కొట్టి పెడతారు."

ఒలిచే చేతులు ఆగిపోయాయి. "మరి నాకు రొట్టె ఎవరు చేస్తారే?"

"మీరూ ఉత్తరం రాయించండి. ఎలా చేసుకోవాలో చెబుతాను."